లీటరుకూ లక్ష లీటర్లకూ మధ్య

కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 24న ‘బయో ఇ3’ విధానాన్ని ఆమోదించింది. జీవసాంకేతిక శాస్త్రం ద్వారా ఆర్థికాభివృద్ధి, పర్యావరణ రక్షణ, ఉపాధి సాధించాలన్నది దాని సంకల్పం. సంకల్పాన్ని కాదనేవారెవరు? కాని రాజధానిలో ఈ చర్చను గమనిస్తున్న నాకు ఒక లోపం కనిపిస్తున్నది. ప్రయోగశాల గురించి మాట్లాడతారు, కర్మాగారం గురించి మాట్లాడతారు. ఆ రెంటి నడుమ వున్న అగాధం మాత్రం ఎవరికీ పట్టదు.

నలుగురికి ఇడ్లీ పిండి పులియబెట్టిన చెయ్యి నాలుగు వందల మందికి పులియబెట్టవలసి వస్తే తడబడుతుంది. సూక్ష్మజీవుల చేత మందులు తయారుచేయించే కిణ్వన పరిశ్రమలో ఈ చిక్కు మరీ తీవ్రం. తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తులను పదేసి రెట్లు పెంచితే లోపలి ద్రవం వెయ్యి రెట్లవుతుంది. వేడిని బయటికి పంపే గోడ వైశాల్యం నూరు రెట్లే పెరుగుతుంది. నీటిలో కరిగే ఆక్సిజన్ లీటరుకు కొద్ది మిల్లీగ్రాములే. చిన్న పాత్రలో అంతటా సమంగా అందేది, పెద్ద తొట్టిలో ఒక మూల మిగులు, మరొక మూల కరువు.

కనుక చిన్న బయోరియాక్టర్‌లోనే అన్నీ కొలిచి తెలుసుకోవాలి. అయితే 250 మిల్లీలీటర్ల పాత్ర నుంచి 10 మిల్లీలీటర్ల చొప్పున పదిసార్లు నమూనా తీస్తే 100 మిల్లీలీటర్లు పోతాయి. కొలవడమే ప్రయోగాన్ని చెరుపుతుంది. దీనికి విరుగుడు ప్రవాహంలోనే పరిశీలించడం. ద్రవాన్ని సన్నని గొట్టం ద్వారా కొలత సాధనం గుండా నడిపి, జీవుల సాంద్రత, ఆమ్లత, ఆక్సిజన్ ఎడతెగకుండా నమోదు చేసి, తిరిగి పాత్రలోకే పంపుతారు. దీనికీ పరిమితులున్నవి. గొట్టంలో ఆలస్యమైతే ఆక్సిజన్ అక్కడే తరిగి కొలత తప్పుతుంది. ప్రతి అతుకూ పరాయి క్రిములు చొరబడగల ద్వారమే. అయినా ఒక లీటరులోనూ, వంద లీటర్లలోనూ, పది వేల లీటర్లలోనూ ఇవే కొలతలు తీసినప్పుడే ఎక్కడ ఏమి మారిందో తెలుస్తుంది.

ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు 1940లో పెన్సిలిన్ బూజును ఆసుపత్రి బెడ్‌పాన్లలో పెంచారు. 1944 మార్చిలో ఫైజర్ సంస్థ బ్రూక్లిన్‌లో ఒక్కొక్కటి సుమారు 28 వేల లీటర్లు పట్టే 14 తొట్లతో ఉత్పత్తి ప్రారంభించింది. ఈ రెంటి నడుమ వంతెనగా నిలిచిన వాటిలో ముఖ్యమైనది పియోరియాలోని అమెరికా ప్రభుత్వ ప్రయోగశాల.

మనమూ వెనుకబడి ప్రారంభించలేదు. 1954లోనే పింప్రీలో హిందూస్థాన్ యాంటిబయాటిక్స్ వెలసింది. తరువాతి దశాబ్దాలలో చైనా చౌక సరుకు ముందు మన పెన్సిలిన్-జి ఉత్పత్తి నిలువలేకపోయింది. తొట్లతోపాటు వాటిని నడిపిన నేర్పూ చెదిరిపోయింది. 2020లో కేంద్రం మందుల ముడిసరుకులకు రూ.6,940 కోట్ల ప్రోత్సాహక పథకం ప్రకటించింది. ఆ పథకం కింద కాకినాడ ప్రాంతంలో పెన్సిలిన్-జి కర్మాగారం నెలకొనడం హర్షణీయమే. కాని ఆ ప్రోత్సాహకం అమ్మకాల మీద లభించేది. అమ్మే దశకు చేరలేక నడి దారిలో చిక్కుకున్న చిన్న సంస్థకు అది ఎలా అందుతుంది?

కొత్త విధానంలో ఉమ్మడి ఉత్పత్తి కేంద్రాల ప్రస్తావన వున్నది. అవి చిన్న సంస్థలకూ, విశ్వవిద్యాలయాలకూ సరసమైన రుసుముతో తెరచివుండాలి. కొలత సాధనాలకూ, వాటిని నడిపే సాంకేతిక సిబ్బందికీ ప్రత్యేకంగా నిధులు కేటాయించాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రజాధనంతో జరిగిన ప్రయోగాల కొలతలు, విఫలమైనవాటితో సహా, భద్రపరచి తరువాతి వారికి అందుబాటులో వుంచాలి. వ్యాపార రహస్యాలు బయటపడవా అని కొందరు శంకిస్తారు. సూక్ష్మజీవి ఎవరిదో వారి రహస్యం కావచ్చు. తొట్టిలో వేడీ గాలీ ఎలా నడుస్తాయన్నది ఎవరి సొంత ఆస్తీ కాదు.

శిలాఫలకం మీద పేరు చెక్కించుకోవడానికి కొలత గొట్టం అక్కరకు రాదు, నిజమే. కాని ప్రజాధనంతో కట్టిన మహా తొట్టి పాడైన ద్రవాన్ని కాలువలో పారబోయడానికే పరిమితమైతే, ఆ ఫలకం ఏ రోగికి మందిస్తుంది?