లాప్‌టాప్ ఆమెది, పాస్‌వర్డ్ ఎవరిది?

కూతురికి లాప్‌టాప్ కొనిచ్చి, దాని పాస్‌వర్డ్ తన దగ్గర పెట్టుకున్న తండ్రిని మనం ఆడపిల్లను చదివిస్తున్న తండ్రి అంటున్నాం. అది చదివించడం కాదు, చదువుతున్నంతసేపూ కాపలా కాయడం. మాట కటువుగానే ఉంది. మేడ్చల్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతూ ఏటా ఈ తంతు చూస్తున్నదాన్ని, మెత్తగా చెప్పడం నావల్ల కావడం లేదు.

ఒకప్పుడు ద్రాక్షతోటలుండే మేడ్చల్, శామీర్‌పేటల చుట్టూ ఇప్పుడు కాలేజీలూ, హాస్టళ్ళూ. కౌన్సెలింగ్‌లో సీటు రాగానే నల్గొండ నుంచీ, ఖమ్మం నుంచీ, కరీంనగర్ నుంచీ బకెట్టు, పరుపు, పచ్చడి సీసాలతో కుటుంబాలు దిగుతాయి. అందరూ నన్నడిగేది ఒకటే: "మేడమ్, ఏ లాప్‌టాప్ కొనమంటారు?" అబ్బాయి తండ్రి అయితే తర్వాతి ప్రశ్న గ్రాఫిక్స్ కార్డు గురించి. అమ్మాయి తండ్రి అయితే చాలాసార్లు, "అందులో ఏం చేస్తుందో మేం ఇంటినుంచి చూసుకోవచ్చా?" టీవీకి రిమోట్ ఇస్తారా అన్నంత మామూలుగా అడుగుతారు.

చాలా ఇళ్ళలో కొనడం దాకా రానే రాదు. కొత్తది అన్నయ్యకి, అన్నయ్య వాడి వదిలేసింది చెల్లెలికి. 4 జీబీ ర్యామ్, గరగరలాడే హార్డ్ డిస్కు, గంటసేపైనా నిలవని బ్యాటరీ. ముగ్గురికి ఒక ప్లగ్గు ఉండే గదిలో ఆ బ్యాటరీతో బతకడమేమిటో ఉన్నవాళ్ళకే తెలుసు. పైగా అందులో ఉండేది విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మద్దతు ఆపేసింది. సెకండ్ హ్యాండ్‌ది కొనడం తప్పని నేననడం లేదు. లినక్స్ వేసుకుంటే పాత మెషీను కూడా కొన్నేళ్ళు లాగుతుంది. నేనడిగేది ఒక్కటే, చెల్లికి కొత్తది కొని అన్నకి పాతది ఇచ్చిన ఇళ్ళు మీరెన్ని చూశారు?

కొనగలిగినవాళ్ళకి చెప్పేది చెబుతూనే ఉన్నాను. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డి, కిలోన్నర లోపు బరువు, ఆరేడు గంటలు నిలిచే బ్యాటరీ, దగ్గర్లో సర్వీస్ సెంటర్. అమ్మాయనగానే షాపువాడు చూపించే గులాబీరంగు మూత గురించి పట్టించుకోకండి.

అసలు రాజకీయం పెట్టె విప్పేచోట మొదలవుతుంది. కొత్త విండోస్ కంప్యూటర్ తొలిసారి తెరవగానే ఒక అకౌంట్ అడుగుతుంది. ఎవరి అకౌంట్ ఇస్తే వాళ్ళే దానికి అడ్మినిస్ట్రేటర్. డిస్కులోని సమాచారం ఎన్‌క్రిప్ట్ అయినప్పుడు, ఎక్కడైనా చిక్కొస్తే దాన్ని తెరిచే రికవరీ కీ కూడా ఆ అకౌంట్‌లోకే వెళ్తుంది. ఇంట్లో అన్నయ్యో, బాబాయో "నేను సెట్ చేసిస్తాలే" అని తన మెయిల్ ఐడీతో తెరుస్తాడు. ప్రేమగానే చేస్తాడు! బిల్లు అమ్మాయి పేరు మీద, పెత్తనం అతని పేరు మీద. పైగా 'ఫ్యామిలీ సేఫ్టీ' అని ఒక ఏర్పాటుంది. అందులో పిల్ల అకౌంట్ చేరిస్తే ఏ సైట్లు చూసిందో, ఎంతసేపు చూసిందో వారం వారం పెద్దవాళ్ళకి మెయిల్ వస్తుంది. చిన్నపిల్లల కోసం చేసిన దాన్ని పద్దెనిమిది నిండి ఓటు వేసే మనిషి మీద ప్రయోగిస్తున్నాం.

ఇది మనకి కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా చట్టంలో ఉంది. ఆ తర్వాత ఎంతమంది ఆడపిల్లలు పుట్టింటి మంచితనం కోసం హక్కు వదులుకుంటూ సంతకాలు పెట్టారో మన ఇళ్ళలోనే లెక్కపెట్టుకోవచ్చు. పేరు ఒకరిది, పట్టు ఇంకొకరిది.

వర్జీనియా ఉల్ఫ్ 1929లో రాయాలనుకునే స్త్రీకి కొంత డబ్బు, తనకంటూ ఒక గది కావాలంది. మన హాస్టల్ అమ్మాయికి గది లేదు, ముగ్గురిలో నలుగురిలో ఒక మంచం ఉంది. తలుపు వేసుకోగల చోటు ఆమెకి ఏదైనా ఉంటే ఆ పదిహేను అంగుళాల తెరే. నా విద్యార్థిని ఒకమ్మాయి కథలు రాస్తుంది, లాప్‌టాప్‌లో మాత్రం రాయదు. "అన్నయ్యకి పాస్‌వర్డ్ తెలుసు మేడమ్" అంది. రికార్డు పుస్తకం చివరి పేజీల్లో రాసుకుంటుంది. బియ్యం డబ్బాలో కాగితాలు దాచుకున్న మన అమ్మమ్మల కాలానికీ దీనికీ ఏం తేడా ఉందో, రచయిత్రులు మీరే చెప్పండి.

భద్రత కోసమే కదా అంటారు. 2025 జనవరి మొదట్లో ఇక్కడి కండ్లకోయలోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ అమ్మాయిలు, స్నానాలగదుల్లో తమని రహస్యంగా వీడియో తీస్తున్నారని రోడ్డెక్కారు. పోలీసు కేసయింది. ఆ ప్రమాదం అమ్మాయి లాప్‌టాప్‌లోంచి వచ్చిందా? ఏ తండ్రి దగ్గరున్న ఏ పాస్‌వర్డ్ దాన్ని ఆపగలిగేది? అయినా ఇలాంటిది జరిగిన ప్రతిసారీ మన పెద్దలు ముందు బిగించేది అమ్మాయిల ఫోన్లూ, వేళలే.

ఇక్కడ మనలాంటి అధ్యాపకురాళ్ళ సంగతి కూడా మాట్లాడుకోవాలి. రాత్రి పదింటికి వైఫై ఆపడం, లాప్‌టాప్ వార్డెన్‌కి అప్పగించాలనడం, అబ్బాయిల హాస్టల్లో లేని రూలు అమ్మాయిల హాస్టల్లో పెట్టడం... వీటి కింద సంతకాలు చాలాచోట్ల ఆడవాళ్ళవే. కోళికోడ్ జిల్లాలో ఒక కాలేజీ హాస్టల్ సాయంత్రం 6 నుంచి 10 దాకా ఫోన్ వాడొద్దంటే ఫహీమా షిరిన్ అనే విద్యార్థిని ఒప్పుకోలేదు, హాస్టల్ నుంచి పంపేశారు. ఆమె కోర్టుకెళ్ళింది. 2019 సెప్టెంబర్ 19న కేరళ హైకోర్టులో జస్టిస్ పి.వి. ఆశ, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, గోప్యత హక్కులో భాగమని తీర్పిచ్చి ఆమెని మళ్ళీ చేర్చుకోమన్నారు. శామీర్‌పేట నల్సార్‌లో న్యాయశాస్త్రం చదివే పిల్లలకి ఈ తీర్పు తెలిసే ఉంటుంది. అక్కడికి ఆటో దూరంలో ఉన్న మన ఇంజనీరింగ్ హాస్టళ్ళ నోటీసు బోర్డులకి తెలియదు.

కొనలేనివాళ్ళ మాట? 2020 నవంబర్‌లో, ఢిల్లీ లేడీ శ్రీరామ్ కాలేజీలో గణితం చదువుతున్న షాద్‌నగర్ అమ్మాయి చనిపోయింది. తండ్రి బైకు మెకానిక్, తల్లి బట్టలు కుడుతుంది. లాక్‌డౌన్‌లో క్లాసులు ఫోన్‌లోనే వినాల్సి వచ్చింది. లాప్‌టాప్ కావాలని అడిగింది, రావలసిన స్కాలర్‌షిప్పు రాలేదు. పక్కనున్న తమిళనాడు 2011లోనే ప్రభుత్వ స్కూళ్ళ పిల్లలకి ఉచితంగా లాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. మన ఫీజు రీయింబర్స్‌మెంట్ కాలేజీకి కట్టే ఫీజుకే. కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ ఇంజనీరు ఎలా అవుతుందో ఆ లెక్క రాసినవాళ్ళెవరూ ఆలోచించినట్టు లేదు. కాలేజీ లైబ్రరీ అయినా తెరిచి ఉంచొచ్చు కదా. మా దగ్గర అమ్మాయిలకి ఆరింటికే లైబ్రరీ మూత!

ఇప్పుడు నన్నడిగే తల్లిదండ్రులకి నేను ఒకే మాట చెబుతున్నాను. పెట్టె సీలు తీయకుండా హాస్టల్‌కి తెండి. అమ్మాయినే తీయనివ్వండి, తన మెయిల్ ఐడీతో తనే తెరుచుకోనివ్వండి. రికవరీ కీ కాగితం మీద రాసుకుని తన దగ్గరే దాచుకోనివ్వండి. మీరు పక్కన నిలబడి చూడండి, సంతోషించండి. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మాత్రం మొహం అటు తిప్పుకోండి. ఏటీఎం దగ్గర ముక్కూ మొహం తెలియని మనిషి కోసం తిప్పుకుంటాం కదా, అలాగే.