ఫోను చేస్తే పరుగెత్తిన కమిషనరు



మొన్న జయంతి పనులు మాట్లాడుకోడానికి సంఘం గదిలో కూర్చున్నాం. చందాల లెక్క తేలేసరికి రాత్రి తొమ్మిది దాటింది. పెద్దవాళ్ళు లేచేలోపల కుర్రాళ్ళు సెల్లుఫోను టీవీకి తగిలించి సినిమా పెట్టేశారు. పేరు 'ఈనాడు'. పేపరు కాదు. 1982లో వచ్చిన కృష్ణ 'ఈనాడు' కూడా కాదు. 2009లో కమల్ హాసన్, వెంకటేశ్ కలిసి వేసింది.

కథ చాలామందికి తెలుసు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పేరూ ఊరూ లేని ఒక మామూలు మనిషి ఇంకా కట్టడం పూర్తికాని మేడ ఎక్కి కూర్చుంటాడు. పోలీసు కమిషనరుకి ఫోను చేసి, సిటీలో బాంబులు పెట్టాను, మీ చేతిలో ఉన్న నలుగురు తీవ్రవాదుల్ని నాకు అప్పగించండి అంటాడు. ఇతనూ ఆ ముఠావాడే అనుకుంటాం. తీరా చూస్తే అతను వాళ్ళని అడిగింది విడిపించడానికి కాదు, చంపడానికి. బాంబుల్లో చచ్చిపోయిన జనం తరఫున నేనే తీర్పు చెబుతున్నా అంటాడు. చివర్లో కమిషనరు అతన్ని చూస్తాడు, ఇతనే అని గుర్తుపడతాడు, వదిలేస్తాడు.

కుర్రాళ్ళు ఒకటే చప్పట్లు. మాకు తాత వరసయ్యే ఒకాయన, డెబ్బై దాటినాయన, గోడకి ఆనుకుని మొత్తం చూశాడు. చుట్ట ఆర్పి నెమ్మదిగా అడిగాడు: "అంతా బానే ఉందిగానీ, ఆ మడిసిని కొట్టలేదేంట్రా?"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయన వయసులో ఉండగా కామందు గారి నీళ్ళ మోటారు పోయిందని తీసుకుపోయి నాలుగు రోజులు స్టేషన్లో పెట్టారు. అయిదో రోజు మోటారు చెరువులో దొరికింది. ఆయన ఎడమ చెయ్యి ఈ రోజుకీ భుజం దాటి పైకి లేవదు. మోటారు దొంగతనానికే అట్టా ఉంటే, ఊరు పేల్చేస్తానన్నవాణ్ణి ఒక్క దెబ్బ కూడా వెయ్యకుండా ఇంటికి పంపించారంటే ఆయనకి అర్థం కాలేదు. ఈ సంపాదకీయం ఆ తాత అడిగిన మాట గురించే.

ముందు ఆ సినిమాల గొప్పతనం చెప్పుకోవాలి. లేనిపోని పెద్దరికంతో 'చెత్త సినిమాలు' అని కొట్టిపారేస్తే మన పిల్లలే మన మాట వినరు. 'ఈనాడు'కి అసలు హిందీ 'ఎ వెడ్నెస్‌డే'. 2008లో వచ్చింది. నీరజ్ పాండేకి అదే మొదటి సినిమా, ఆ మొదటి సినిమాకే జాతీయ అవార్డు వచ్చింది. నసీరుద్దీన్ షా, అనుపమ్ ఖేర్ వేశారు. పాటల్లేవు. విదేశాల్లో గంతుల్లేవు. ఒక మేడ, ఒక పోలీసు కంట్రోలు రూము, నాలుగు ఫోన్లు, గోడ మీద గడియారం. మధ్యాహ్నం రెండింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా కథ. డబ్బు లేనప్పుడు బుర్ర పనిచేస్తుందనడానికి ఇదొక సాక్ష్యం. ఇంకా వెనక్కి పోతే 2005లో 'కవీతే' అని ఒక సినిమా, ఫిలిప్పీన్స్ దేశంలో తీసింది. ఇద్దరు కుర్రాళ్ళు, ఒకరు నటిస్తే ఒకరు కెమెరా పట్టారు. ఏడు వేల డాలర్లలోపు అయిందని చెప్పుకుంటారు. ఒక మనిషి చెవిలో ఫోను, ఆ ఫోనులో బెదిరించే గొంతు, అంతే కథ. దాన్నే బొంబాయికి తెచ్చి 2008లో 'ఆమిర్' అని హిందీలో తీశారు.

మన తెలుగు తెర మీద ఏం చూశాం? హీరో పేరు చివర కులం తోక. ఒక్కోసారి సినిమా పేరులోనే తోక. సుమోలు గాల్లోకి లేవటం, తొడ కొడితే భూమి అదరటం. మన వాడ మనుషులు హీరో కారు వెనక పరుగెత్తే గుంపులో ఉంటారు, లేకపోతే అతను కాపాడే శవాల్లో ఉంటారు. అలాంటి చోట ఒక మామూలు మనిషి, మధ్యలో ఇంటావిడ ఫోను చేస్తే జవాబు చెప్పుకునే మనిషి, హీరో అయి కూర్చున్నాడు. మన కుర్రాళ్ళకి నచ్చక ఏం చేస్తుంది?

ఇంకో కారణం ఉంది, అది లోతైంది. చప్పట్లు ఎక్కడ పడ్డాయో నేను గమనించాను. బాంబు పేలినప్పుడు కాదు. ఫోను మోగగానే ఆఫీసంతా లేచి పరుగెత్తినప్పుడు. మా వాడకి శ్మశానం దారి కోసం ఇచ్చిన అర్జీకి పదకొండేళ్ళు. ఆఫీసర్లు మారారు, పథకం పేరు మారింది, మారినప్పుడల్లా కొత్త రసీదు ఇచ్చారు. దారి మాత్రం అదే గట్టు మీద, వానాకాలం పాడె మోకాలి లోతు నీళ్ళలో. అట్టాంటి చోట పుట్టినవాడికి, ఒక్క ఫోను కాలుతో సర్కారు మొత్తం చెవులు రిక్కించి వింటుంటే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? వాళ్ళు చప్పట్లు కొట్టింది బాంబుకి కాదు, ఆ వినడానికి. ఈ తేడా తెలియకుండా పిల్లల్ని తిట్టొద్దు.

ఇక లోపం దగ్గరికొద్దాం. ఆ నలుగురూ నేరస్తులే అని సినిమా మనకి ముందే రాసిచ్చేస్తుంది. వాళ్ళ నోటితోనే చెప్పిస్తుంది కూడా. ఇక అనుమానం అక్కర్లేదు, సాక్షి అక్కర్లేదు, లాయరు అక్కర్లేదు. హిందీ సినిమాలో ఆ మనిషి కోపానికి మూలం 2006 జులై 11 బొంబాయి లోకల్ రైళ్ళ పేలుళ్ళు. అవి నిజంగా జరిగినవి. ఏడు బాంబులు, నూట ఎనభై మందికి పైగా చనిపోయారు. సాయంత్రం పని ముగించుకుని ఇళ్ళకి పోతున్న జనం. వాళ్ళ ఇళ్ళల్లో కడుపుకోత గురించి ఎవరూ తక్కువ చేసి మాట్లాడకూడదు, మేమూ మాట్లాడం.

అయితే అసలు కేసు ఏమైంది? పదమూడు మంది మీద విచారణ. 2015లో కింది కోర్టు అయిదుగురికి ఉరి, ఏడుగురికి యావజ్జీవం వేసింది. ఒక్కణ్ణి నిర్దోషి అని వదిలింది. ఆ ఒక్కడు ఎవరనుకున్నారు? వాహిద్ షేక్. బడిపంతులు. నాలాంటి బడిపంతులే. చెయ్యని నేరానికి తొమ్మిదేళ్ళు లోపల ఉండి, అక్కడే లా చదివి బయటికి వచ్చాడు. బయటికొచ్చి తక్కినవాళ్ళూ నిర్దోషులే అని రాశాడు, తిరిగాడు, చెప్పాడు. ఎవరూ వినలేదు. శిక్ష పడినవాళ్ళలో ఒకాయన 2021లో జైల్లోనే చనిపోయాడు. 2025 జులై 21న బొంబాయి హైకోర్టు పన్నెండుమందినీ నిర్దోషులని తేల్చింది. నేరం రుజువు చెయ్యడంలో ప్రాసిక్యూషన్ పూర్తిగా విఫలమైందని చెప్పింది. హింస పెట్టి తీసుకున్న వాంగ్మూలాలు చెల్లవంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి పరుగెత్తింది. విడుదలైనవాళ్ళు మళ్ళీ జైలుకి పోనక్కర్లేదనీ, అయితే ఈ తీర్పుని వేరే కేసుల్లో ఆధారంగా చూపొద్దనీ సుప్రీంకోర్టు అంది.

ఇప్పుడు లెక్క వెయ్యండి. 2008లో ఆ మేడ మీద మనిషి నిజంగానే ఉండి, నిజంగానే ఫోను చేసి, ఆ రోజు జైల్లో ఉన్నవాళ్ళని అప్పగించమంటే? వాహిద్ షేక్ కూడా ఆ రోజు జైల్లోనే ఉన్నాడు. పందొమ్మిదేళ్ళ తర్వాత హైకోర్టు చెప్పిన మాట వినడానికి ఒక్కడూ మిగిలేవాడు కాదు. చచ్చిన నూట ఎనభై మంది కుటుంబాలకి అసలు దోషి ఎవడో అప్పుడూ తెలిసేది కాదు, ఇప్పుడూ తెలియలేదు. మనం మాత్రం చప్పట్లు కొట్టి ఇంటికి పోయేవాళ్ళం.

వాహిద్ షేక్ మీద కూడా ఒక సినిమా వచ్చింది, 2022లో, 'హీమోలింఫ్' అని. అదీ తక్కువ డబ్బుతో తీసిందే. మా కుర్రాళ్ళలో ఒక్కడూ దాని పేరు వినలేదు. నిజం చెప్పాలంటే నేనూ ఆలస్యంగానే విన్నాను.

బొంబాయి దాకా ఎందుకు, మన హైదరాబాదు చూడండి. 2007 మే 18న మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకో అయిదుగురు. పట్టుకున్నది ఎవరిని? పాతబస్తీ ముస్లిం కుర్రాళ్ళని, పదుల సంఖ్యలో. కరెంటు షాకులు పెట్టారని వాళ్ళు చెప్పుకున్నారు. కోర్టులు వాళ్ళని వదిలేశాయి. కొందరికి ప్రభుత్వమే పరిహారం ఇచ్చుకోవాల్సి వచ్చింది. తర్వాత దర్యాప్తు దిక్కు మారి, హిందూత్వ వాదుల్ని పట్టారు. 2018లో వాళ్ళనీ సాక్ష్యం లేదని కోర్టు వదిలేసింది. అంటే తొమ్మిది మందిని ఎవరూ చంపలేదన్నమాట! చుండూరు గుర్తొస్తుందా? 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది మనవాళ్ళు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నాం. 2007లో ఇరవై ఒక్కమందికి యావజ్జీవం. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. కోర్టుల మీద కోపం తెచ్చుకునే హక్కు ఆ మేడ మీద మనిషి కంటే మనకే ఎక్కువ. అయినా మనం చుండూరులో అడిగింది బాంబు కాదు, కోర్టు. వాళ్ళు ఇవ్వకపోయినా అడిగింది అదే.

ఆ సినిమాలో ఒక మాట నన్ను బాగా గుచ్చింది. ఇంట్లోకి బొద్దింకలొస్తే ఏం చేస్తాం, పెంచుకుంటామా, చంపి ఇల్లు శుభ్రం చేసుకుంటాం కదా అని అతను వాదిస్తాడు. హాల్లో ఈలలు పడే మాట అది. నాకైతే గుండెలో కలుక్కుమంది. ఈ దేశంలో ఎవరి ఇల్లు, ఎవరు శుభ్రం చేస్తారు? వేల ఏళ్ళుగా ఆ ఇల్లు ఊడ్చింది మనం, ఊడ్చాక మురికి అని పిలిపించుకున్నదీ మనమే. మనిషిని పురుగుతో పోల్చటం ఇవాళ్టి కొత్త తెలివి కాదు. ఇవాళ బొద్దింక వాడు కావచ్చు. రేపటి జాబితా ఎవరు రాస్తారు? 'టాడా' 1985లో పంజాబు పేరు చెప్పి తెచ్చారు. 1995లో అది పోయేలోగా దేశమంతా కలిపి డెబ్బై వేలమందికి పైగా పట్టారు, శిక్షలు పడింది నూటికి ఒకరికో ఇద్దరికో. 2020లో 'ఉపా' చట్టం కింద ఆనంద్ తేల్తుంబ్డేని జైలుకి పంపిన తారీకు చూడండి: ఏప్రిల్ 14. బాబాసాహెబ్ ఇంటి అల్లుడు, పుస్తకాలు రాసుకునే ప్రొఫెసరు. రెండున్నరేళ్ళకి బెయిలు వచ్చింది.

చిలకలూరిపేట సంగతి కూడా చెప్పకుండా దాటవెయ్యలేను. 1993 మార్చి 8న దోపిడీకని బస్సెక్కిన ఇద్దరు దళిత యువకులు పెట్రోలు పోసి నిప్పంటించారు, ఇరవై మూడు మంది కాలిపోయారు. ఇది సినిమా కాదు. కాలిపోయినవాళ్ళూ మామూలు జనమే. ఉరి పడింది, సుప్రీంకోర్టూ ఖాయం చేసింది. వాళ్ళు చేసింది తప్పు కాదని ఉద్యమంలో ఎవరూ అనలేదు. ఉరి వద్దన్నారు, అంతే. 1997లో ఉరి అంచుదాకా పోయి ఆగింది, 1998లో రాష్ట్రపతి నారాయణన్ గారి కాలంలో యావజ్జీవంగా మారింది. చచ్చినవాళ్ళ కోసం ఏడుస్తూనే చంపినవాణ్ణి చంపొద్దనటం ఎంత కష్టమో ఆ రోజుల్లో కరపత్రాలు పంచినవాళ్ళని అడగండి. ఊళ్ళో జనం మొహాన విసిరికొట్టారని మా పెద్దలు చెబుతారు. నాలుగు గంటల్లో తేలిపోయే సినిమాలో ఈ కష్టానికి చోటు ఉండదు.

'ఆమిర్' గురించి ఒక్క ముక్క. లండన్ నుంచి దిగిన డాక్టరు చేతికి ఎర్ర పెట్టె ఇచ్చి బొంబాయి ముస్లిం వాడల్లో తిప్పుతారు. మనిషి మంచివాడే, చివరికి జనాన్ని కాపాడి తనే చస్తాడు. కానీ ఆ వాడల్లో ప్రతి మొహమూ అనుమానమే, ప్రతి చూపూ బెదిరింపే. సెట్టు వెయ్యడానికి డబ్బుల్లేవు కాబట్టి పేదల వీధి ఊరికే దొరికింది. ఊరికే దొరికిన వీధిని దొంగల వీధిగా చూపించటం మాత్రం డబ్బు లేక చేసిన పని కాదు.

మరి వేరేగా తియ్యలేరా? తీశారు. 1993 బొంబాయి పేలుళ్ళ మీద అనురాగ్ కశ్యప్ 'బ్లాక్ ఫ్రైడే' తీశాడు. కేసు నడుస్తుందని హైకోర్టు ఆపితే 2007లో గానీ బయటికి రాలేదు. అందులో బాంబు పెట్టినవాడు ఉన్నాడు, వాణ్ణి ఆ దారి పట్టించిన అల్లర్లున్నాయి, పోలీసు లాఠీ ఉంది. ఎవర్నీ దేవుణ్ణి చెయ్యలేదు. చూస్తున్నంతసేపూ చప్పట్లు కొట్టే చోటు దొరకదు.

సంఘాల్లో, హాస్టళ్ళలో సినిమాలు వేసే మిత్రులకి ఒక మనవి. 'ఈనాడు' వెయ్యొద్దని మేం అనటంలేదు. వెయ్యండి. అయిపోగానే టీవీ కట్టేసి ఒక అరగంట కూర్చోబెట్టండి. ఆ నలుగురి పేర్లు తీసేసి మీ వాడలో స్టేషన్‌కి పోయొచ్చినవాళ్ళ పేర్లు పెట్టి కథ మళ్ళీ చెప్పమనండి. ఏం చెప్పారో మాకు రాయండి, వచ్చే సంచికలో వేస్తాం.

మా కుర్రాళ్ళు ఆ రాత్రే సెల్లుఫోనుతో తామే ఒక సినిమా తీస్తామని లేచారు. బాంబు ఎక్కడ పెట్టాలో, ఎవరు కమిషనరో వాదులాడుకుంటున్నారు. తాత తువ్వాలు దులుపుకుని లేచి గుమ్మం దగ్గర ఆగాడు.

"బాంబు తర్వాత పెడుదురుగానీ, ఆ మోటారు చెరువులో ఎవడు పడేశాడో అది తియ్యండ్రా ముందు."