ముందు లంగరు, తర్వాతే లాంచీ

చిలకలూరిపేటలో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లకూ, నాగార్జునకొండ చుట్టూ నిలిచిన నీళ్లకూ చుట్టరికం ఉంది. నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలితేనే మన మంచినీళ్ల చెరువు నిండుతుంది. కాబట్టి సాగర్‌లో లాంచీలు రాత్రి ఆగొచ్చా లేదా అన్నది టూరిజం వాళ్ల సొంత గొడవ కాదు, పేటవాళ్లం కూడా అందులో మాట చెప్పొచ్చు. ప్రస్తుతం ఉన్న పద్ధతి అందరికీ తెలిసిందే. విజయపురి సౌత్ రేవులో లాంచీ ఎక్కితే గంటలోపు కొండ చేరతాం. మ్యూజియం చూసి, ఇక్ష్వాకుల నాటి స్నానఘట్టం మెట్ల మీద కాసేపు కూర్చుని, పొద్దు వాలేలోగా తిరుగు లాంచీ అందుకోవాలి. దీవి మీద రాత్రి ఉండనివ్వరు. పురావస్తు శాఖ చేతిలో ఉన్న చోటు కాబట్టి ఆ కట్టడి సబబే. అయితే దీవి మీద కాకుండా, దీవికి గాలి చాటున, కొండ మడతలోకి నీళ్లు చొచ్చుకొచ్చిన మూలలో, లాంచీలోనే రాత్రి గడపడానికి ఏం అడ్డం? ఏమీ లేదన్నదే నా అభిప్రాయం. కాకపోతే మన ప్రభుత్వాలు ఈ పనిని ఎప్పుడూ తోక నుంచి మొదలుపెడతాయి. ముందు లాంచీ కొంటారు, రంగులేస్తారు, రిబ్బన్ కత్తిరిస్తారు. అది ఆగాల్సిన చోటు గురించి ఆలోచన చివర్లో వస్తుంది, లేదా రానే రాదు.

ఆగే చోటంటే విలాసం అనుకుంటున్నాం గానీ, అసలు అది భద్రత. 2017 నవంబరు 12న కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర, 2018 మే 15న గోదావరిలో మంటూరు దగ్గర, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర. రెండేళ్లు నిండకముందే మూడు ఘోర పడవ ప్రమాదాలు. ప్రతిసారీ చర్చ లైఫ్ జాకెట్ల దగ్గర, అనుమతి కాగితాల దగ్గర, ఎక్కించిన జనం లెక్క దగ్గర ఆగింది. అవన్నీ అవసరమైన ప్రశ్నలే. కచ్చులూరులో ప్రాణాలు తీసింది వరద ఉధృతి, సుడుల మీదుగా పోనిచ్చిన తెగింపు. దానికి నా వాదన అంతగా అతకదని ఒప్పుకుంటాను. మంటూరు సంగతి వేరు. వేసవి సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన లేచింది. జల్లు కొట్టకుండా తలుపులు మూసుకుని లోపల కూర్చున్నవాళ్లు, లాంచీ మునిగినప్పుడు బయటపడలేకపోయారు. గాలి ముదిరినప్పుడు సరంగు ముందు రెండు దారులుండాలి: పోవడం, లేదా దగ్గర్లోని చాటుకు చేరి తగ్గేదాకా ఆగిపోవడం. తగ్గకపోతే తెల్లారేదాకా. ఆ రెండో దారి పని చేయాలంటే ఎక్కడ ఆగాలో ముందే గుర్తించి ఉండాలి, అక్కడ కట్టేసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి, ఆగినందుకు మర్నాడు సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని ఉండకూడదు. రాత్రి ఆగడమే తప్పనే నియమం ఉన్నచోట సరంగుకి మిగిలేది మొదటి దారే. చీకటి పడుతోందన్న తొందర మబ్బును చిన్నదిగా చూపిస్తుంది.

ఆగిన పడవ కూడా ప్రమాదమేనని ఎవరైనా అంటే కాదనను. ఉదాహరణ మన కళ్లముందే ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు, ఎగువన కట్టేసి ఉండాల్సిన భారీ ఇనుప పడవలు కొట్టుకొచ్చి గేట్లను గుద్దాయి. కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి, ఇరుక్కున్న పడవల్ని వెలికి తీయడానికి రోజుల తరబడి పట్టింది. అవి ఎలా విడివడ్డాయన్న దానిమీద ఆరోపణలు, కేసులు, రాజకీయం సరే. నేలలో నాటుకున్న లంగరూ, గొలుసూ, ఎవరు ఎప్పుడు చూశారో రాసిన పుస్తకమూ ఉండుంటే ఆ వాదులాటలో సగం పుట్టేదే కాదు. పడవ కట్టడాన్ని గొడ్డును గుంజకు కట్టినట్టు చూసే అలవాటు మనది. బ్యారేజీ గేటు దగ్గర తేలింది ఆ అలవాటు ఖరీదే.

సాగర్ లాంటి జలాశయంలో చాటు దొరకడం తేలిక, నిలవడం కష్టం. నిండినప్పుడు సుమారు 285 చదరపు కిలోమీటర్ల నీళ్లు. కొండల మధ్య పరుచుకున్నాయి గనుక మూలలకు కొదవ లేదు. కానీ చాటన్నది చోటుకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఏ గాలికి చాటు అన్నది ముఖ్యం. శీతకాలపు ఈశాన్య గాలికి వెచ్చగా మరుగిచ్చే మూల, జూన్‌లో నైరుతి గాలి తిరిగేసరికి నేరుగా ఎదురు నిలుస్తుంది. గాలి అడ్డులేకుండా ఎన్ని కిలోమీటర్ల నీళ్లమీద పరుగెత్తి వస్తే కెరటం అంత లేస్తుంది. అందుకే చెరువులో నవ్వులాటగా కనిపించే గాలి సాగర్ నడుమ లాంచీని పక్కకు వంచేస్తుంది. దీనికి తోడు నీటిమట్టం. పూర్తిమట్టం 590 అడుగులు, కనీస మట్టం 510. ఆ 80 అడుగుల తేడా ఎనిమిదంతస్తుల మేడంత. అక్టోబరులో అద్దంలా నీళ్లు నిలిచిన మూల, మే నాటికి బురద, మొండి రాళ్లు, ఎప్పుడో మునిగిన చెట్ల మోళ్లు. కాంక్రీటుతో ఒకే ఎత్తున కట్టిన జెట్టీ ఏడాదిలో కొన్ని నెలలు గాల్లో ఉంటుంది, లేదా నీళ్ల కింద ఉంటుంది. పైగా శ్రీశైలం గేట్లెత్తితే రాత్రికి రాత్రే మట్టం పైకి లేస్తుంది. ఒడ్డు చెట్టుకు పొట్టి తాడుతో కట్టి నిద్రపోయినవాడి పడవ, నీళ్లు పెరిగితే ముక్కు కిందికి లాగుకుంటుంది, తగ్గితే ఒడ్డున ఒరిగి కూర్చుంటుంది.

మరి లంగరు దించేస్తే పోలా? ఇక్కడే పేటవాళ్లకు బాగా తెలిసిన దృశ్యం ఒకటి తలుచుకుందాం. శివరాత్రికి కోటప్పకొండకు ప్రభలు కదిలేటప్పుడు, అంత ఎత్తు ప్రభ గాలికి ఒరిగిపోకుండా మోకులు బిగించి పట్టుకుంటారు. ఒక్క మోకు వదులైనా గుండె ఆగినంత పనవుతుంది. పడవ సంగతి దానికి తలకిందులు. ప్రభను నిలిపేది బిగింపు, పడవను నిలిపేది వదులు. లంగరు తన బరువుతో పట్టదు. నేలలోకి కొక్కెం దిగి పడుతుంది. తాడు పైకి నిట్టనిలువుగా లాగితే అది ఊడి వచ్చేస్తుంది, నేలకు వాలుగా పక్కకు లాగితేనే ఇంకా లోతుకు దిగుతుంది. అందుకని లోతుకు కనీసం ఐదింతల తాడు వదలాలన్నది పడవవాళ్ల లెక్క. 60 అడుగుల లోతుకు 300 అడుగుల తాడన్నమాట. గాలి మారినప్పుడల్లా పడవ ఆ తాడు చివర గుండ్రంగా తిరుగుతుంది, దాదాపు 600 అడుగుల వెడల్పున. సాగర్ కొండ మడతలు నిటారుగా నీళ్లలోకి దిగిపోతాయి. ఒడ్డు పక్కనే లోతు, మూల చూస్తే ఇరుకు. చాటు దొరికినచోట తిరగడానికి జాగా ఉండదు, జాగా ఉన్నచోట చాటు ఉండదు. ఇక లంగరు పట్టిందో లేదో తెలుసుకునే పద్ధతి వందల ఏళ్లుగా ఒకటే. ఒడ్డున ఒక చెట్టూ, దాని వెనక ఒక బండా ఒకే వరసలో ఉండేట్టు చూసి పెట్టుకోవాలి. కాసేపయ్యాక ఆ రెండూ విడివడితే లంగరు జారుతున్నట్టు. చీకట్లో అయితే తాడు మీద చెయ్యి వేసి చూడాలి. పట్టిన లంగరు తాడు బిగుస్తుంది, సడలుతుంది, అంతే. జారే లంగరు తాడు రాళ్లమీద ఈడ్చిన గొలుసులా చేతికింద గరగరా వణుకుతుంది. తాడు అంచుకు రాసుకునే చోట పాత గొట్టం ముక్కో, తడిపిన గోనెపట్టో చుట్టకపోతే తెల్లారేసరికి నారలు లేస్తాయి. ఈ పనులకు ఒక మనిషి మేలుకుని ఉండాలి. టికెట్టు ధరలో ఆ మనిషి జీతం కూడా కలపాలి.

ఈ లెక్కంతా చూస్తే సాగర్‌కు తగింది ఎవరికి వాళ్లు లంగరు దించుకోవడం కాదు, అడుగున శాశ్వతంగా బరువైన దిమ్మె దించి, దానికి గొలుసు, గొలుసు చివర తేలే బోయ పెట్టడం. లాంచీ వచ్చి బోయకు కట్టుకుంటుంది. కావాలంటే వెనకవైపు ఒడ్డుకు రెండో మోకు వేసి తిరగకుండా నిలుపుకుంటుంది. ఇందుకు మరో కారణం, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది, నీళ్ల అడుగున ఉంది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు కంటపడిన విజయపురి లోయ అది. ప్రాజెక్టు కట్టేలోగా 1954 నుంచి 1960 దాకా ఆదరాబాదరాగా తవ్వారు. ఎంపిక చేసిన కట్టడాలను కొండమీదికి చేర్చారు, కొన్నిటిని అనుపులో తిరిగి నిలబెట్టారు. మిగతా ఊరు మునిగిపోయింది. సింహళ భిక్షువులకు విహారం కట్టిపెట్టిన ఊరది, అక్కడి శాసనంలో కంటకశేల రేవు ప్రస్తావన ఉంది. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉందని గొప్పలు చెప్పుకునే మనం, ఆ నాగరికత ఇటుకల మీదే ఇనుప కొక్కేలు ఈడ్చామంటే అంతకన్నా ఎగతాళి ఉండదు. దిమ్మెలు ఎక్కడ దించాలో పురావస్తు శాఖ తవ్వకాల పటం ముందు పెట్టుకుని నిర్ణయించాలి. ఆ పటాలు ఉన్నాయి.

అసలైన అభ్యంతరం నీళ్లది. తాగే నీళ్లలో రాత్రంతా పడవలుంచి, వాటి మరుగుదొడ్ల మురుగు కలిపి, ఆ నీళ్లనే పేటకూ నరసరావుపేటకూ పంపుతారా అని అడిగితే ఎగరగొట్టే జవాబు చెప్పకూడదు. కేరళలో వేంబనాడ్ సరస్సు హౌస్‌బోట్ల మురుగుతో, డీజిల్ తెట్టుతో ఏమైందో అక్కడివాళ్లే మొత్తుకుంటున్నారు. కానీ ఆ కేరళ దగ్గరే నేర్చుకోదగ్గది కూడా ఉంది. అలప్పుళలో సాయంత్రం ఐదున్నర ప్రాంతానికి హౌస్‌బోట్లు ఆగిపోవాలి, ఆ తర్వాత అది వలలు వేసేవాళ్ల వేళ. రాత్రి బస అంటే తిరగడం కాదు, నిలవడం. సాగర్‌లోనూ అదే మొదటి నియమం కావాలి. రెండోది, మురుగు తొట్టి మూసి ఉండే లాంచీలకే అనుమతి, పొద్దున విజయపురి సౌత్ రేవులో ఆ తొట్టి ఖాళీ చేసినట్టు చీటీ చూపిస్తేనే మరుసటి బసకు ఒప్పుకోవాలి. మూడోది సంఖ్య. ఒక మూలకు రెండు బోయలుంటే రెండు లాంచీలే ఆగుతాయి. లంగర్లు దించుకోనిస్తే ఎన్ని పడవలొచ్చాయో లెక్క ఉండదు, బోయ పద్ధతిలో లెక్క దానంతట అదే వస్తుంది. ఇప్పుడు పగటి లాంచీల మురుగు ఎటు పోతోందని ఎవరూ అడగడం లేదన్నది పక్కమాట.

అడవి మాటెత్తేవాళ్లు కూడా ఉంటారు, ఎత్తాలి. సాగర్ వెనక నీళ్ల వెంబడి ఉన్నది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. అక్కడి మూలల్లో దీపాలు, స్పీకర్లు పెట్టుకుని రాత్రి గడపడానికి నేను ఒప్పుకోను. విజయపురి సౌత్‌కూ, కొండకూ మధ్య ఉన్న దారిలో రెండు మూడు చాట్లు చాలు. లోపలికి, శ్రీశైలం వైపుకు, ఆపదలో ఆగడానికి మాత్రమే బోయలుంచాలి. రెండు రాష్ట్రాల సంగతి చెప్పి చేతులెత్తేయడం మాత్రం సాకు. 2023 నవంబరు 30న డ్యాం మీద పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డ జలాశయమే ఇది, నిజమే. అది నీటి వాటా తగాదా. గాలివానలో చిక్కుకున్న లాంచీ ఏ రాష్ట్రం బోయకైనా కట్టుకోవచ్చన్న ఒప్పందానికి వాటాలతో పని లేదు. చట్టం వైపు నుంచి చూసినా, 1917 నాటి పాత చట్టం పోయి 2021లో దేశమంతటికీ ఒకే జలవాహన చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్, తనిఖీ, సిబ్బంది అర్హత అన్నీ అందులో ఉన్నాయి. కొత్త చట్టం కోసం ఎదురుచూడాల్సింది లేదు.

ఇదంతా డబ్బున్నవాళ్ల సరదాకి కాదా అన్న ప్రశ్న మిగిలింది. రాత్రి బస టికెట్టు కొనేది కొద్దిమందే. బోయ మాత్రం అందరిదీ. అద్దరిన దేవరకొండ వైపు వైజాగ్ కాలనీ ఉంది. ప్రాజెక్టు పనికి వచ్చి, తర్వాత చేపల మీద బతుకుతూ అక్కడే స్థిరపడ్డవాళ్ల ఊరు. ఇటు మాచర్ల వైపు కూడా వలమీద బతికే కుటుంబాలు ఉన్నాయి. ఏ నెలలో ఏ మూల గాలికి దొరుకుతుందో, ఎక్కడ మోళ్లు వలను చించుతాయో చెప్పడానికి వాళ్లను మించిన సర్వేయర్లు లేరు. చాట్లు గుర్తించే పనికి హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో కన్సల్టెంటును పిలిచేముందు వాళ్లకు రోజుకూలీ ఇచ్చి లాంచీలో తిప్పాలి. రాత్రి కాపలా మనిషి ఉద్యోగం కూడా వాళ్లకే రావాలి. ఆగిన లాంచీ మీద నలుదిక్కులా కనపడే ఒక తెల్లదీపం వెలిగించడం నావికా నియమం. చీకట్లో వల లాక్కుంటూ వచ్చే చిన్న పడవకు ఆ దీపమే రక్షణ, కాబట్టి దాన్ని ఆర్పకుండా చూడడంలో వాళ్లకున్న శ్రద్ధ ఇంకెవరికీ ఉండదు.

దిమ్మె దించడానికి ఓడలు, గజ ఈతగాళ్లు కావాలేమో, కోట్లవుతాయేమో అన్న భయం అక్కర్లేదు. మట్టం 510 అడుగుల వైపు దిగివచ్చే వేసవిలో ఆ మూలల అడుగు చాలాచోట్ల ఎండకు పగిలి బయటే ఉంటుంది. ఇసుక, సిమెంటు పడవలో చేర్చి, నేలమీద నిలబడే దిమ్మె పోసి, గొలుసు బిగించి రావచ్చు. మేస్త్రీ, నలుగురు కూలీలు చేసే పని. వానలు పడి శ్రీశైలం గేట్లెత్తేలోగా ముగించాలి. తర్వాత ఆ చోటు మళ్లీ ఏడాది దాకా కంటికి కనపడదు.