ఏం తక్కువైంది మాలో?

మా బడుల్లో మేం అందుకున్న మొదటి బిరుదు 'మొద్దు'. ఆ తర్వాత దానికి మా మతం పేరు కూడా తగిలించేవాళ్లు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇంట్లో పానీ, వాకిట్లో నీళ్లు, వాచకంలో జలము అని మూడు పేర్లతో దాహం తీర్చుకున్న పిల్లలం మేం. సారు అడిగిన ప్రశ్న మా లోపల ఉర్దూ అయి, జవాబు మళ్లీ తెలుగయ్యేలోపు పక్కవాడు చెయ్యెత్తేవాడు. ఆ రెండు క్షణాల ఆలస్యం పేరే మొద్దుతనం. అదే సాయంత్రం మా అమ్మీ తునికాకు కత్తిరిస్తూనే, కట్టకు ఇరవై అయిదు లెక్కన వెయ్యి బీడీలకు ఎన్ని కట్టలో, ఏరిపారేసినవి పోను కూలి ఎంత మిగులుతుందో నోటిలెక్కన చెప్పేది. ఆ లెక్కకు మార్కుల్లేవు.

తెలివిని కొలవొచ్చని మొదట ఒక పద్ధతి కట్టినవాడు ఫ్రాన్సు దేశపు ఆల్‌ఫ్రెడ్ బినే. 1857లో పుట్టాడు. లా చదివి, సైకాలజీ సొంతంగా నేర్చుకున్నాడు. మొదట్లో పిల్లల తలలు కొలిచాడు. తెలివైనవాళ్ల తలకీ వెనకబడ్డవాళ్ల తలకీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పైగా తాను ముందే అనుకున్నది తన కొలతల్లోకి దూరుతోందేమోనని తన్ను తానే అనుమానించాడు. మమ్మల్ని కొలిచినవాళ్లలో ఎంతమందికి వచ్చింది ఆ అనుమానం?

1905లో థియోడోర్ సిమాన్‌తో కలిసి 30 ప్రశ్నల పరీక్ష తయారుచేశాడు. బడిలో వెనకబడ్డ పిల్లల్ని గుర్తుపట్టి, వాళ్లకు తగ్గ చదువు చెప్పాలని దాని ఉద్దేశం. వాళ్ల కోసం కసరత్తులు కూడా కల్పించాడు. బొమ్మల్లా కదలకుండా నిలబడే ఆట అందులో ఒకటి. తెలివి పుట్టుకతో వచ్చిన కొలత, అది పెరగదు అనేవాళ్ల మీద 1909లో పుస్తకం రాసి మరీ మండిపడ్డాడు. 1911లో చనిపోయాడు. ఐ.క్యూ. అన్న అంకె ఆయనది కాదు. మరుసటి ఏడు జర్మనీలో స్టెర్న్ తెచ్చిపెట్టాడు.

ఆయన పరీక్ష అమెరికా చేరి కులం కట్టింది. 1917 నుంచి అక్కడి సైన్యంలో 17 లక్షలకు పైగా మందికి ఇలాంటి పరీక్షలు పెట్టారు. ఇంగ్లీషు చదవలేనివాళ్లకు బొమ్మలిచ్చి ఏం తక్కువైందో గీయమన్నారు. ఒక బొమ్మలో టెన్నిస్ కోర్టుకు వల లేదు. మరో దాంట్లో గ్రామఫోనుకు గొట్టం లేదు. పొలం దున్నుకుని, ఓడెక్కి వచ్చినవాడు టెన్నిస్ ఎప్పుడు చూశాడు? ఆ లెక్కలతోనే 1923లో బ్రిగమ్ అనే ప్రొఫెసర్ ఏ జాతి తెలివైందో, ఏది తక్కువదో పుస్తకం రాశాడు. 1924లో వలసల మీద కోటాలు బిగించిన చట్టం వచ్చింది. కాలేజీ ప్రవేశాలకు 1926లో మొదలైన శాట్ పరీక్షను రూపొందించిందీ ఆ బ్రిగమే. 1930లో తన పుస్తకానికి పునాది లేదని తనే ఒప్పుకున్నాడు. అప్పటికే తలుపులు మూసేశారు.

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. బొట్టు లేని అమ్మ ముఖం గీసి ఏం తక్కువైందని అడగండి. మా పిల్లలు ఏమీ తక్కువ కాలేదంటారు. వాళ్లకది అమ్మ ముఖమే. మీ పిల్లలు టక్కున బొట్టు అంటారు. మార్కు ఎవరికి?

2007లో వెనకబడిన ముస్లిం తెగలకు 4 శాతం రిజర్వేషన్ చట్టం వస్తే, సెక్యులర్ మిత్రులు కొందరు కూడా మెరిట్ మాట ఎత్తారు. మెరిట్ అంటే ఎవరింటి భాషలో అడిగిన ప్రశ్న? పంక్చరు దుకాణంలో కూచున్న పిల్లవాడి మీదో, గల్ఫ్ నుంచి అబ్బాజాన్ డబ్బు పంపితే తప్ప ఫీజు కట్టలేని అమ్మాయి మీదో ఆ మాట ఎందుకు పడుతుంది? ఆ ఫీజు కట్టినవాడి కొడుకు మీద పడదేం?

మన దేశంలోనూ బినే పరీక్షను దిద్దుకున్నారు. 1929లో లాహోరు నుంచి రైస్ హిందుస్థానీలోకి తెచ్చాడు. 1940లో కామత్ కన్నడ, మరాఠీ పిల్లల కోసం మలిచాడు. హిందుస్థానీ అంటే మీ ఉర్దూయే కదా అనకండి. పంజాబు పిల్లల మాట వేరు, మా 'హౌ', 'నక్కో' వేరు. ఇంటిభాషలో అడిగితే ఏమవుతుందో చూడాలంటే ఆదిలాబాద్ దాటి పోనక్కర్లేదు. 1940లలోనే మార్లవాయిలో హైమెండార్ఫ్ గోండు పిల్లలకు గోండీలో వాచకాలు చేయించాడు. మొద్దులన్న పిల్లల్లోంచే పంతుళ్లు తయారయ్యారు.

పరీక్షలే వద్దని మేం అనడం లేదు. నిజంగా సాయం కావలసిన పిల్లలు మా ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్లకు సర్టిఫికెట్ కావాలి, పెన్షన్ కావాలి, బడి కావాలి. మా పిల్లవాడి పేరు పక్కన అంకె వేసేటప్పుడు, ఆ ప్రశ్నలు ఏ భాషలో అడిగారో, అడిగినవాళ్లకు దక్కనీ వచ్చో రాదో ఆ కాగితం మీదే రాయండి. ఆ తర్వాత వాడికి చదువు ఎవరు చెప్తారో కూడా రాయండి.