కాలువ నిడివి కంటే ముందు నీటి గమ్యం: సీతంపేట ఏజెన్సీలో మురుగునీటి పారుదలపై ఒక పరిశీలన

(ప్రత్యేక వ్యాసం)

సీతంపేట: పురపాలక సంఘాల సమావేశాలలో సభ్యులు పదేపదే ప్రస్తావించే అంశాలలో మురుగుకాలువ ఒకటన్న సంగతి పత్రికా ప్రతినిధులకు విదితమే. ఏ వార్డుకు ఎన్ని మీటర్లు, అంచనా వ్యయం ఎంత, టెండరు ఎప్పుడు అనే మూడు ప్రశ్నల చుట్టూ చర్చ సాగుతుంది. ఆ కాలువ మోసుకుపోయే నీరు చివరకు ఎక్కడ చేరుతుందన్న నాలుగవ ప్రశ్న తరచుగా వానలు ముంచెత్తిన తరువాత గానీ సభ ముందుకు రాదు. హైదరాబాదు, విజయవాడ నగరాలు ఈ ఆలస్యానికి మూల్యం చెల్లించాయి. కొండవాలున వెలసిన గిరిజన కేంద్రాలలో అదే ఆలస్యం జరిగితే నష్టం దిగువ గూడలకు, వరిమళ్లకు, గెడ్డ నీటిని వాడుకునే కుటుంబాలకు సంక్రమిస్తుంది. అయితే నగర పాలకవర్గాలకు ఓటువేసిన పౌరులకు లేని ఒక అధికారం షెడ్యూల్డు ప్రాంత గ్రామసభకు చట్టం కల్పించింది. మురుగుకాలువ విషయంలో ఆ అధికారం ఏ దశలో ఎట్లు వినియోగపడగలదో ఈ వ్యాసంలో పరిశీలించడమైనది.

పట్టణ అవసరాలు, పంచాయతీ పాలన

సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థకు కేంద్రమైన సీతంపేట, 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో శ్రీకాకుళం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. సవర, జాతాపు గిరిజనులు ప్రధానంగా నివసించే ఈ కొండ ప్రాంతానికి కార్యాలయాలు, వసతి గృహాలు, ఆసుపత్రి, వారపు సంత అన్నీ ఇక్కడే. జనం రాకపోకలు, దుకాణాలు, సిమెంటు రోడ్లు పెరిగినకొద్దీ ఇటువంటి కేంద్రాల అవసరాలు పట్టణ అవసరాలను పోలి ఉంటాయి. పాలన మాత్రం పంచాయతీదే.

దీనికి రాజ్యాంగపరమైన కారణం ఉంది. 74వ సవరణ ద్వారా చేరిన పురపాలక సంఘాల భాగం షెడ్యూల్డు ప్రాంతాలకు తనంతట తాను వర్తించదని 243-జడ్‌సి అధికరణం స్పష్టం చేస్తున్నది. పార్లమెంటు చట్టం ద్వారా మాత్రమే దానిని ఈ ప్రాంతాలకు విస్తరింపజేయవచ్చు. ఆ ఉద్దేశంతో 2001లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టరూపం దాల్చలేదు. గ్రామ పంచాయతీల విషయంలో మాత్రం 1996లోనే పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. పెసా చట్టంగా ప్రసిద్ధమైన ఆ శాసనానికి అనుగుణంగా రాష్ట్రంలో 1998లో పంచాయతీరాజ్ చట్ట సవరణ, 2011లో నియమావళి వెలువడ్డాయి.

ఈ చట్టం ప్రకారం గ్రామ పంచాయతీ అభివృద్ధి పనులను అమలుకు తీసుకొనుటకు ముందు వాటిని గ్రామసభ ఆమోదించాలి. పని ముగిసిన పిమ్మట నిధుల వినియోగంపై ధ్రువీకరణను సైతం పంచాయతీ గ్రామసభ నుంచే పొందాలి. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల నగరాలలో వార్డు కమిటీలకు రాజ్యాంగం చోటు కల్పించినప్పటికీ, వీధిలోని వయోజనులందరికీ ఒక పనిని ముందుగా ఆమోదించే, చివరకు ధ్రువీకరించే హక్కు అక్కడ లేదు. సీతంపేట ప్రాంతపు షెడ్యూల్డు గ్రామాలకు గల విశేషం ఇదే.

రెండు రకాల నీరు, ఒకే కాలువ

మురుగుకాలువ చర్చలలో సర్వసాధారణంగా దొర్లే పొరపాటు ఇంటి వాడకపు నీటిని, వాననీటిని ఒకే ఖాతాలో వేయడం. ఈ రెండింటి పరిమాణంలో గల వ్యత్యాసాన్ని ఒక ఉదాహరణ ద్వారా గ్రహించవచ్చు.

రెండు వేల జనాభా గల గ్రామంలో జల్ జీవన్ మిషన్ ప్రమాణం మేరకు తలకు రోజుకు 55 లీటర్ల చొప్పున నీరు సరఫరా అయితే మొత్తం లక్షా పది వేల లీటర్లు అవుతుంది. అందులో సుమారు 80 వేల లీటర్లు వాడకపు నీరుగా బయటకు వస్తుందనుకొంటే, రోజంతటి సగటున అది సెకనుకు ఒక లీటరు కూడా కాదు.

ఇప్పుడు అదే గ్రామానికి ఎగువన పది హెక్టార్ల కొండవాలు ఉన్నదనుకొందాం. ఒక హెక్టారుపై ఒక సెంటీమీటరు వాన కురిస్తే లక్ష లీటర్ల నీరు. గంట వ్యవధిలో ఐదు సెంటీమీటర్ల వాన పడి, అందులో సగం మాత్రమే పారినా, పది హెక్టార్ల నుంచి 25 లక్షల లీటర్లు కిందికి దిగుతుంది. అనగా సెకనుకు దాదాపు 700 లీటర్లు.

అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు గల వీధి కాలువ నిండుగా, సెకనుకు ఒక మీటరు వేగంతో పారినప్పుడు మోయగలిగేది 200 లీటర్లు మాత్రమే. వాడకపు నీటికి ఈ కాలువ అవసరానికి మించినది. వాననీటికి ఏమాత్రం చాలనిది. వేసవిలో అడుగున మురుగు నిలిచి, ఇసుక, ప్లాస్టిక్ సంచులు పేరుకొని, తొలకరి నాటికి సగం పూడిపోతే ఆ 200 లీటర్లు కూడా పారవు. కాలువ కట్టించిన తరువాత కూడా వీధిలోకి నీరు వస్తున్నదన్న ఫిర్యాదులకు మూలం అనేక సందర్భాలలో నిర్మాణ నాణ్యత కంటే ఈ లెక్కలోనే ఉంటుంది.

మైదాన నగరాలలో వాలు చాలక నీరు నిలవడం సమస్య కాగా, కొండ గ్రామాలలో వాలు ఎక్కువై నీరు వేగంగా దూకి కాలువ అడుగును, అంచులను కోసివేయడం సమస్య. అందుచేత ఇక్కడ కొండనీటిని నివాసాలకు ఎగువనే అడ్డగించి పక్కగా మళ్లించే కాలువ, వేగం తగ్గించే మెట్లు, రోడ్డు దాటుచోట తగినంత కల్వర్టు తప్పనిసరి. వాడకపు నీటికి పెరటి ఇంకుడు గుంతలు, వీధి చివర సామూహిక ఇంకుడు గుంతలు, చిన్న కాలువలు సరిపోతాయి. పట్టణ నమూనా అంచనాను యథాతథంగా కొండ గ్రామానికి తెచ్చుకొంటే రెండు ప్రయోజనాలూ నెరవేరవు.

నగరాలు నేర్పిన పాఠం

హైదరాబాదులో 2000 ఆగస్టులో ఒక్కరోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసి లోతట్టు ప్రాంతాలు మునిగిపోయాయి. ఆ తరువాత నాలాల స్థితిగతులపై కిర్లోస్కర్ సంస్థ 2003లో నివేదిక సమర్పించింది. నాలాల విస్తరణ, ఆక్రమణల తొలగింపు అనే అంశాలు అప్పటి నుంచి నగరపాలక సమావేశాలలో చర్చకు వస్తూనే ఉన్నాయి. 2020 అక్టోబరులో నగరం మరల జలమయమైంది. 2021లో సుమారు 985 కోట్ల రూపాయల అంచనాతో వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం తొలిదశ చేపట్టడం జరిగింది. నివేదికకు, ఈ కార్యక్రమానికి నడుమ 18 సంవత్సరాల కాలంలో నాలాల అంచున వెలసిన కట్టడాలే విస్తరణకు ప్రధాన అవరోధమైనాయి.

విజయవాడలో కేంద్ర సహాయంగా లభించిన 461 కోట్ల రూపాయలతో సుమారు 444 కిలోమీటర్ల వరదనీటి కాలువలు ప్రతిపాదించగా, పనులు గడువులోగా పూర్తికాక మధ్యలో నిలిచిపోయాయి. వీధిలో ముక్క కట్టి, ఆ ముక్కను ప్రధాన కాలువకు కలపకపోతే అది వాననీటిని పారించే మార్గం కాక, నిలవచేసే తొట్టి అవుతుంది. 2024 సెప్టెంబరు తొలి రోజుల వరదకు కారణం వీధి కాలువలు కావు. బుడమేరుకు పడిన గండ్లు. అయినప్పటికీ ఆ వరద ఒక విషయాన్ని తేటతెల్లం చేసింది. నీరు చేరవలసిన వాగే పొంగినప్పుడు వీధి కాలువ ఎంత నిడివి ఉన్నా ఉపయోగం లేదు. సింగ్ నగర్ పరిసరాలలో నీరు రోజుల తరబడి తొలగకపోవడం అందరూ చూసినదే.

సీతంపేట ప్రాంతంలో నీరు చేరే చోటు గెడ్డ. గెడ్డ దిగువన మరొక గూడ, ఆ గూడకు స్నానానికి, పశువులకు, కొన్నిచోట్ల సాగుకు అదే నీరు. మరుగుదొడ్ల సెప్టిక్ ట్యాంకుల పొర్లునీరు వీధి కాలువలో కలిసి గెడ్డకు చేరితే, ఎగువ గ్రామపు పారిశుద్ధ్యం దిగువ గ్రామపు అతిసారమవుతుంది. ఎగువ పంచాయతీ తీర్మానంలో దిగువ గూడ ప్రస్తావన లేకపోవడం సాంకేతిక లోపం మాత్రమే కాదు, అన్యాయం కూడా.

దోమల విషయంలో స్పష్టత అవసరం

మురుగుకాలువ ప్రతిపాదనలలో మలేరియా నివారణను ఆశయంగా పేర్కొనడం పరిపాటి. నిలిచిన మురికినీటిలో విశేషంగా వృద్ధిచెందేది బోదకాలు వ్యాధిని వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమ. తూర్పు కనుమలలో మలేరియాకు ముఖ్య కారకమైన అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ జాతి దోమ తేటగా, మెల్లగా పారే సెలయేళ్ల అంచుల్లో గుడ్లు పెడుతుంది. అందుచేత మురుగు తొలగించడం ఆరోగ్యానికి అవశ్యమే అయినా, కాలువ కట్టినందున దోమతెరల పంపిణీ, మందు పిచికారీ, రక్తపరీక్షలు తగ్గించుకొనవచ్చునని భావించడం ప్రమాదకరం.

నిధులు, శాఖలు, బాధ్యత

2020లో ప్రారంభమైన స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ రెండవ దశ మార్గదర్శకాలు ఐదు వేలలోపు జనాభా గల గ్రామాలకు వాడకపు నీటి నిర్వహణ నిమిత్తం తలకు గరిష్ఠంగా 280 రూపాయలు, అంతకు మించిన గ్రామాలకు 660 రూపాయలు నిర్దేశించాయి. అందులో 30 శాతాన్ని పదిహేనవ ఆర్థిక సంఘం నిధుల నుంచి భరించవలసి ఉండినది. పైన ఉదహరించిన రెండు వేల జనాభా గ్రామానికి ఈ లెక్కన లభించేది ఐదు లక్షల 60 వేల రూపాయలు. ఇంకుడు గుంతలకు, చిన్న కాలువలకు ఉద్దేశించిన మొత్తమిది. కొండవరద మళ్లింపునకు కాదు. రెండవ పనికి వేరొక పద్దు వెతకక తప్పదు.

ఎగువ మళ్లింపు కాలువ అటవీ భూమిని తాకే సందర్భాలలో 2006 నాటి అటవీ హక్కుల చట్టం మూడవ సెక్షను రెండవ ఉపవిభాగాన్ని అధికారులు పరిశీలించదగును. ఒక హెక్టారుకు లోబడి, హెక్టారుకు 75కు మించని చెట్ల తొలగింపుతో, గ్రామసభ సిఫారసుపై చేపట్టదగిన 13 రకాల సదుపాయాలను ఆ సెక్షను పేర్కొన్నది. వీధి మురుగుకాలువ ఆ జాబితాలో లేదు. చెరువులు, చిన్న నీటివనరులు, వాననీటి సంరక్షణ కట్టడాలు, చిన్నతరహా సాగునీటి కాలువలు ఉన్నాయి. పనిని ఏ రూపంలో తలపెట్టామన్నదానిపై అనుమతి ఆధారపడుతుందన్నమాట.

ఇక బాధ్యతల విషయం. ప్రధాన రహదారి పక్క కాలువ రోడ్లు, భవనాల శాఖ పరిధిలోనిది. వీధి కాలువ పంచాయతీది. వసతి గృహాల ఆవరణలోని పనులు గిరిజన సంక్షేమ ఇంజినీరింగ్ విభాగానివి. నీటికి మాత్రం ఈ హద్దులు తెలియవు. గ్రామసభ ముందస్తు ఆమోదానికి సంబంధించిన పెసా నిబంధన గ్రామ పంచాయతీ అమలుచేసే పనులను ఉద్దేశించినది. ఇతర శాఖలు నేరుగా చేసే పనులు సభ దృష్టికి రాకుండా మిగిలిపోయే అవకాశం ఉంది. సంబంధిత శాఖలన్నీ కలిసి ఒకే నీటి పటాన్ని గ్రామసభలో ఉంచడం ఈ వెలితికి ఆచరణయోగ్యమైన పరిష్కారం.

తీర్మానానికి ముందు ఐదు అంశాలు

మురుగుకాలువ ప్రతిపాదన సభ ముందుకు వచ్చినప్పుడు ఈ దిగువ అంశాలు తీర్మాన పాఠంలోనే నమోదు కావడం వాంఛనీయం.

1. కాలువ మోయవలసినది వాడకపు నీటినా, వాననీటినా, రెండింటినా, ఒక్కొక్కటి ఎంత.

2. నీరు చివరకు చేరే స్థలం, ఆ స్థలం ఎవరిది, దిగువన ఆ నీటిని వాడుకునేది ఎవరు, వారి అంగీకారం ఉన్నదా.

3. పనిని దశలవారీగా చేపట్టిన పక్షంలో దిగువ కొస నుంచి ఎగువకు నిర్మించే ఏర్పాటు ఉన్నదా.

4. ఏటా తొలకరికి ముందు పూడిక తీసేది ఎవరు, దానికి నిధులు ఏ పద్దు నుంచి.

5. సెప్టిక్ ట్యాంకుల పొర్లునీరు కాలువలో కలవకుండా తీసుకున్న చర్య ఏమిటి.

ఈ చర్చ సవర కుటుంబాలకు అర్థమయ్యే భాషలో, సంతరోజు కాని వేళ, పటాన్ని నేలపై గీసి చూపుతూ సాగడం మేలు. ఏ వానకు నీరు ఎంతదాకా వచ్చిందో, ఏ గెడ్డ ఏ ఏడు దారి మార్చుకొన్నదో ఊరి పెద్దలకు తెలిసినంతగా ఏ అంచనా పత్రంలోనూ ఉండదు. ఆ జ్ఞానాన్ని కొలతలుగా మార్చడం ఇంజినీర్ల విధి.

పాత్రికేయులు సైతం కాలువ పనుల వార్తలలో శంకుస్థాపన, నిడివి, వ్యయాలతో పాటు నీరు చేరే చోటును నమోదు చేయగలిగితే, మరుసటి వర్షాకాలంలో ఆ వార్తే సాక్ష్యంగా నిలుస్తుంది. ధ్రువీకరణ పత్రంపై గ్రామసభ సంతకం చేయవలసినది కూడా అప్పుడే: సిమెంటు ఆరిన నాడు కాదు, తొలి పెద్ద వాన కురిసి నీరు చెప్పిన చోటికి చేరిన నాడు.