రేషన్ కార్డు తీసేసింది కంప్యూటరే.. మరి దాని తప్పుల్ని లెక్కపెట్టేదెవరు?

సన్నబియ్యం పథకం 2025 ఉగాది రోజున హుజూర్‌నగర్‌లో మొదలైంది. అదే ఏడాది జులై 14న కొత్త రేషన్ కార్డుల పంపిణీకి తిరుమలగిరి వేదికైంది. రెండూ సూర్యాపేట జిల్లాలోనివే. కార్డులో పేరుంటే మనిషికి నెలకు 6 కిలోల బియ్యం. మీరు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఎక్కడున్నా, పేరు ఉండటం, ఊడటం వెనుక ఏం జరుగుతుందో తెలుసుకోవాలి.

కంప్యూటర్ ఏం చేస్తుంది?

తెలంగాణ ప్రభుత్వం 2016లో 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థను తెచ్చింది. వాహనాలు, భూములు, పన్నులు.. ఇలా వేర్వేరు శాఖల రికార్డుల్లోని పేర్లు, చిరునామాలను పోల్చి, ఏవి ఒకే మనిషివో ఇది అంచనా వేస్తుంది. కారున్నట్టు తేలితే ఆ కుటుంబం అనర్హుల జాబితాలోకి వెళ్లొచ్చు.

చిక్కు ఎక్కడ?

మన పేర్లలోనే. ఒక రికార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకోదాంట్లో పొడి అక్షరమే. ఒకే ఊళ్లో నలుగురు వెంకటయ్యలుంటారు. ఒకరి కారు మరొకరి ఖాతాలో పడితే ఆగేది బియ్యం.

ఎన్ని తప్పులు జరిగాయి?

రాష్ట్రంలో 2014-2019 మధ్య 18 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. అన్నీ కంప్యూటర్ వల్లే కాకపోవచ్చు. కానీ ముందస్తు నోటీసు లేకుండా తీసేశారంటూ కేసు వేయడంతో, క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ జులై నాటికి 2,05,734 దరఖాస్తులు చూస్తే, 15,471 మంది అర్హులేనని తేలింది. అంటే సుమారు 7.5 శాతం.

చిన్న సంఖ్యేనా?

కాదు. ఇది మళ్లీ దరఖాస్తు పెట్టుకున్నవారి లెక్క మాత్రమే. పని మానుకుని ఆఫీసుల చుట్టూ తిరగలేక ఊరుకున్నవాళ్లు ఇందులో లేరు. 'ఎంతమంది అనర్హుల్ని ఏరేశాం' అన్నది ఒక్కటే కొలిస్తే ఏ సాఫ్ట్‌వేర్ అయినా గొప్పగానే కనిపిస్తుంది. 'ఎంతమంది అర్హుల్ని పోగొట్టాం' అన్నదీ కొలవాలి. అనర్హుడికి కార్డుంటే ఖజానాకు నష్టం. అర్హుడికి పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. ఈ రెండు తప్పుల్నీ ఒకే తూకంలో వేయలేం. అందుకే తీసేసే ముందే మనిషి వెళ్లి చూడాలి, నోటీసు ఇవ్వాలి. ఇప్పటిదాకా జరిగింది తిరగబడింది. ముందు కోత, తర్వాత విచారణ.

మీ కార్డు ఆగితే?

• కారణం రాతపూర్వకంగా అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.
• మీది కాని వాహనమో, భూమో చూపిస్తే ఆధారాలతో తహసీల్దార్‌కు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.
• అక్కడ తేలకపోతే సోమవారం ప్రజావాణికి వెళ్లండి. కోదాడ వాళ్లకు సూర్యాపేట కలెక్టరేట్, మిర్యాలగూడ వాళ్లకు నల్లగొండ.

'సిస్టమ్‌లో అలా చూపిస్తోంది' అన్నది కారణం కాదు. ఆ సిస్టమ్ ఏ రికార్డు చూసి అలా చెప్పిందో అడగడం మీ హక్కు.