కొలత ఒక్కటే కావలెను



మన తాతల నాడు కుంచము ఊరికొక తీరుగను, పుట్టి సీమకొక తీరుగను ఉండెడిది. అమ్మువాడు ఒక కుంచముతో కొలిచినచో కొనువాడు మరియొక కుంచము తెచ్చెడివాడు. 1956లో తూకముల, కొలతల చట్టము వచ్చి, 1962 నాటికి కిలోగ్రాము దేశమంతట అమలులోనికి వచ్చిన పిదప ఆ తగవు చాలవరకు తీరినది. నేడు ధాన్యపు రాశి వద్ద ఎక్కువగా వినవచ్చుచున్నది తేమ తగవు. "కేంద్రములో పదిహేడు చూపిన ధాన్యము మిల్లు వద్ద పందొమ్మిది ఎట్లు చూపును?" అని రైతు అడుగుచున్నాడు. దీనికి జవాబు కొంత యంత్రములో నున్నది. కాని ఎక్కువ భాగము మన ప్రభుత్వ శాఖలు ఒక ప్రమాణమును కలసి పాటించు తీరులో నున్నదని నా అభిప్రాయము.

ముందుగా నిబంధన ఏమో చూతము. మద్దతు ధరకు ధాన్యము కొనుటకై కేంద్ర ఆహార శాఖ దేశమంతటికి ఒకే నాణ్యతా నిర్దేశమును ప్రకటించును. దాని ప్రకారము ధాన్యములో తేమ నూటికి 17 పాళ్లు మించరాదు. మట్టి, రాళ్లు వంటివి 1 పాలు, గడ్డి, పొట్టు వంటివి 1 పాలు, ముదరని, ముడుచుకొనిన గింజలు 3 పాళ్లు మించరాదు. ఈ అంకెలు మీలో చాలమందికి తెలిసినవే. కాని వీనిని ఏ పద్ధతిలో కొలువవలెనో కూడ ఆ నిర్దేశములోనే వ్రాసియున్న సంగతి కొద్దిమందికే తెలియును. పరీక్ష చేయుటకు ఐ.ఎస్. 4333, నమూనా తీయుటకు ఐ.ఎస్. 14818, పదముల అర్థమునకు ఐ.ఎస్. 2813 అను భారత ప్రమాణములను అనుసరించవలెనని అందున్నది.

ఈ ప్రమాణములను వ్రాసినది ఆహార శాఖ కాదు. 1947లో ఏర్పడిన భారత ప్రమాణాల సంస్థ, అనగా మనము మోటారు మీదను గొట్టము మీదను చూచు ఐ.ఎస్.ఐ. గుర్తుకు పేరిచ్చిన సంస్థ, ఈ పని మొదలుపెట్టినది. 1987 ఏప్రిల్ 1 నుండి దాని స్థానమున భారతీయ ప్రమాణాల బ్యూరో పనిచేయుచున్నది. శాస్త్రజ్ఞులు, తయారీదారులు, వాడకందారులు, ప్రభుత్వ శాఖల ప్రతినిధులు ఒక సంఘముగా కూర్చుండి ముసాయిదా వ్రాయుదురు. దానిని నలుగురి అభిప్రాయమునకు పంపి, వచ్చిన సూచనలు పరిశీలించి, అటుపిమ్మట ప్రమాణముగా ప్రకటింతురు.

ఇట్లు వెలువడిన ప్రమాణములలో చాల భాగము ఐచ్ఛికములు. పాటింపదలచినవాడు పాటించును, పాటింపనివానికి దండన లేదు. కొన్నిటిని మాత్రమే ప్రభుత్వము ప్రత్యేక ఉత్తర్వుతో నిర్బంధము చేసినది. అయినను ఐచ్ఛికమన్న మాటను చూచి ఇది మనకు పట్టనిదని తలచరాదు. ఒక శాఖ తన కొనుగోలు పత్రములోనో, సహాయ పథకపు నిబంధనలోనో ఆ ప్రమాణపు అంకె వ్రాసిన నాటి నుండి, ఆ లావాదేవీకి అది కట్టుబాటగును. బిందుసేద్యమునకు రాయితీ పొందిన రైతులకు ఇది అనుభవమే. పథకము క్రింద పొలములో వేయు గొట్టములు, డ్రిప్పరులు భారత ప్రమాణమునకు సరిపోవలెనను షరతు వలననే నాసిరకపు సరుకునకు అడ్డు ఏర్పడినది. ప్రతి రాష్ట్రము తనకు తోచిన కొలత తాను వ్రాసుకొనినచో తయారీదారునకును చిక్కే, రైతునకును చిక్కే. నిపుణులు ఒకచోట వ్రాసినదానిని శాఖలన్నియు వాడుకొనుట తెలివైన పద్ధతి.

మరి ధాన్యము విషయమున చిక్కు ఎక్కడ వచ్చుచున్నది? అంకెను అందరును స్వీకరించిరి. ఆ అంకెను రాబట్టు పద్ధతి మాత్రము కల్లము వరకు రాలేదు. ఒక్క ధాన్యపు రాశి వద్ద ఎన్ని శాఖలు కలియుచున్నవో చూడుడు. కొలిచే పద్ధతి ప్రమాణాల బ్యూరోది. 17 అను హద్దు కేంద్ర ఆహార శాఖది. కొనుగోలు రాష్ట్ర పౌరసరఫరాల సంస్థది. కాటాపై ముద్ర వేయునది తూనికలు, కొలతల శాఖ. రైతునకు సలహా చెప్పునది వ్యవసాయ శాఖ. ఆ పిమ్మట ధాన్యము మిల్లునకు, బియ్యము ఆహార సంస్థ గిడ్డంగికి పోవును. ఇందరిలో ఎవరి పని వారు చేసినను, ఒకరి కొలతను మరొకరు ఒప్పుకొననిచో నష్టము చేతులు మారి మారి చివరకు రైతు మీద పడును.

ఆ నష్టమెంతో లెక్క వేసి చూడుడు. 17 శాతము తేమ గల క్వింటాలు ధాన్యములో ఎండు పదార్థము 83 కిలోలు. 18 శాతమున్నచో 82 కిలోలు. కావున 18 శాతము తేమ గల క్వింటాలును 17కు ఆరబెట్టినచో సుమారు 98 కిలోల 800 గ్రాములు మిగులును. అనగా ఒక్క శాతము తేడాకు క్వింటాలుకు 1 కిలో 200 గ్రాముల తరుగు న్యాయమైనది. అసలు 17 ఉన్న ధాన్యమునకు యంత్రము తప్పుగా 18 చూపినచో, 50 క్వింటాళ్లు అమ్మిన రైతు 60 కిలోల ధాన్యము ఊరక పోగొట్టుకొనును. ఒక్క శాతమునకు ఇంతకు మించి కోసినచో దానికి లెక్క అడుగు హక్కు మీకు కలదు.

యంత్రము ఏల తప్పు చూపును? తేమ కొలుచుటకు ప్రమాణమైన పద్ధతి, గింజను పిండి చేసి, తూచి, నిర్ణీతమైన వేడిలో ఎండబెట్టి, మరల తూచుట. కల్లములో ఇది సాధ్యము కాదు. అక్కడ వాడు చిన్న యంత్రము విద్యుత్ గుణమును బట్టి తేమను అంచనా వేయును. గింజ వేడిగా నున్నను, పంటకు తగినట్లు యంత్రమును సరిచేయకున్నను, గింజను వదులుగా పోసినను అంకె మారును. నమూనా సంగతి కూడ అంతే. రాశి పైపొర ఎండియుండును, అడుగున తేమ నిలుచును. ఒక్క సంచి నుండి తీసిన గుప్పెడు గింజ రాశి అంతటికి సాక్ష్యము చెప్పజాలదు. పెక్కు సంచుల నుండి, ఏరి కోరి గాక, తీసి కలిపిన నమూనాయే నిజము చెప్పును.

మిల్లువారి మాట కూడ వినవలెను. క్వింటాలు ధాన్యమునకు పచ్చి బియ్యమైన 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైన 68 కిలోలు వారు తిరిగి ఈయవలసియున్నది. తడి ధాన్యమును దించుకొనినచో ఆ లెక్క వారికి కుదరదు. గిడ్డంగిలో తడి గింజ ముక్కిపోవును. కాబట్టి హద్దు ఉండుట తప్పు కాదు. ఒకే ధాన్యమును రెండు చోట్ల రెండు విధములుగా కొలుచుట తప్పు.

ఇందుకు చట్టము మార్చనక్కరలేదు. శాఖలు తాము ఇదివరకే ఒప్పుకొన్న ప్రమాణమును పూర్తిగా ఒప్పుకొనిన చాలును.

మొదటిది, నాణ్యతా నిర్దేశముతో పాటు నమూనా తీయు పద్ధతి, తేమ చూచు పద్ధతి తెలుగులో వ్రాసి ప్రతి కొనుగోలు కేంద్రములో గోడకు అంటించవలెను. బ్యూరో తన ప్రమాణములలో చాలవాటిని ఉచితముగా చదువుకొననిచ్చుచున్నది. కాని అవి ప్రయోగశాల కొరకు ఆంగ్లములో వ్రాసినవి. వానిలో కల్లమునకు కావలసిన నాలుగు మాటలను తెలుగు చేయుట వ్యవసాయ శాఖకు భారము కాదు.

రెండవది, కోతలకు ముందే కేంద్రములోని యంత్రమును, మిల్లులోని యంత్రమును ఒకే ధాన్యముతో, ప్రమాణ పద్ధతి ప్రకారము సరిచూచి, తేదీ వేసిన చీటీ అంటించవలెను.

మూడవది, కేంద్రములో రైతు ఎదుట చూచిన తేమను రసీదులో వ్రాయవలెను. ఆ నమూనాలో కొంత మూట కట్టి ముద్ర వేసి దాచవలెను. మిల్లు వద్ద తేడా వచ్చినచో ఆ మూటయే తీర్పు చెప్పవలెను గాని, లారీ వద్ద నిలిచినవాని గొంతు కాదు. తేమ ఆరిపోకుండ ఆ నమూనాను గాలి చొరని సంచిలో ఉంచుట ముఖ్యము.

నాలుగవది, ప్రమాణములు వ్రాయు దశలోనే రైతు మాట వినబడవలెను. ముసాయిదాలపై ఎవరైనను అభిప్రాయము పంపవచ్చును. తయారీదారులు, వర్తకులు ఈ అవకాశమును వదలరు. మన సహకార సంఘములు, రైతు ఉత్పత్తిదారుల సంఘములు కూడ ఒక కాగితము వ్రాయవలెను. వ్రాయు నాడు మౌనముగా నుండి, కొలుచు నాడు కేక వేసినచో ఫలము తక్కువ.

రైతు సోదరులారా! మన వంతు పనియు కలదు. కోసిన వెంటనే రాశి పోయక, పలుచగా పరచి, కలియబెట్టుచు ఆరబెట్టుడు. తాలు, మట్టి లేకుండ తూర్పారబట్టుడు. పాత ఎండు ధాన్యము పైన, తడి ధాన్యము అడుగున నింపిన సంచి మనవారందరి మాటకును విలువ తగ్గించును. గ్రామోద్యోగులారా! కేంద్రము తెరచు నాడు కాటా ముద్ర చూచినట్లే తేమ యంత్రపు చీటీని కూడ చూడుడు. చీటీ లేనిచో పై అధికారికి ఆనాడే వ్రాయుడు. తూకము ముగిసిన తరువాత వ్రాసిన ఉత్తరము రైతునకు గింజ తిరిగి తేలేదు.